మూడో గేటు మెటల్ డిటెక్టర్ గారికి

మహారాజశ్రీ మెటల్ డిటెక్టర్ ద్వారం గారి సముఖమునకు, ఆదివారం మధ్యాహ్నం మీ ముందు నిలబడి బేస్‌బాల్ ఆటను చెవులతో మాత్రమే చూసిన ఒక టికెట్‌దారుడు నమస్కరించి రాసుకున్న విన్నపం. ఉభయకుశలోపరి.

ఇక్కడ మేము క్షేమం. మీరూ క్షేమంగానే ఉన్నారని మీ నెత్తిన వెలిగే ఎర్రదీపం చెబుతూనే ఉంది. మా నాన్న మోకాలు కూడా క్షేమం. ఆ సంగతి మీకూ, మీ సిబ్బందికీ, మా వెనక నిలబడిన సగం ఊరికీ ఇప్పటికే తెలుసు కాబట్టి మళ్ళీ ఎత్తను.

మైదానంలోని మూడు స్థావరాల్లోనూ కొట్టే జట్టు మనుషులు ఉండగా హోమ్ రన్, అంటే బంతి గోడ దాటే దెబ్బ, పడితే దాన్ని గ్రాండ్ స్లామ్ అంటారు. ఒక్క దెబ్బకు నాలుగు పరుగులు. అంతకు మించి ఒక్క బంతికి రాబట్టడం ఎవరి తరమూ కాదు. ఏళ్ళ తరబడి టికెట్లు కొన్నవాళ్ళలో కూడా దాన్ని కళ్ళారా చూసే యోగం అందరికీ పట్టదు. ఆట మొత్తం తొమ్మిది ఇన్నింగ్స్‌లు. ఆదివారం మా జట్టు దాన్ని మొదటి ఇన్నింగ్స్‌లోనే కొట్టేసింది. అప్పుడు నేను పసుపు తాడుకు ఇవతల, ఒక చేతిలో తాళంచెవులు, ఒక చేతిలో ఫోను పట్టుకుని మీ దర్శనం కోసం నిలబడి ఉన్నాను. గోడ అవతల వేల గొంతులు ఒక్కసారిగా లేచాయి. "ఏమైందిరా?" అన్నారు నాన్న. "ఏదో మంచే జరిగింది నాన్నా" అన్నాను. ఆ మంచి ఏమిటో ఫోనులో కనబడే సరికి కొట్టినవాడు ఆటగాళ్ళ విడిది డగౌట్‌లో కూర్చుని నీళ్ళు కూడా తాగేసి ఉంటాడు.

మీ పుట్టుపూర్వోత్తరాలు తెలియకుండా నోరు పారేసుకుంటున్నానని అనుకోకండి. 2013 ఏప్రిల్ 15న బోస్టన్ మారథాన్ ముగింపు గీత దగ్గర బాంబులు పేలి ముగ్గురు చనిపోయారు. ఆ తర్వాతి జనవరిలో, అమెరికాలో పెద్ద జట్ల ఆటలు నడిపే మేజర్ లీగ్ బేస్‌బాల్ ఒక నిర్ణయం ప్రకటించింది. 2015 సీజన్ మొదలయ్యే నాటికి 30 జట్ల స్టేడియాల్లోనూ ప్రేక్షకులకు లోహ పరీక్ష జరగాలని. చేతిలో పట్టుకునే పరికరంతోనైనా సరే, మీలాంటి ద్వారంతోనైనా సరే. అప్పటి నుంచి మీరు ప్రతి గేటు దగ్గరా కాపురం పెట్టారు. తుపాకులు ఇంత తేలికగా దొరికే దేశంలో, వేలమంది పిల్లాపాపలతో కూర్చునే చోటికి కాపలా ఉండాలంటే కాదనే మూర్ఖుణ్ణి కాను.

కానీ అయ్యా, బోస్టన్‌లో బాంబులు పేలింది తలుపూ టికెట్టూ లేని కాలిబాట మీద, గుంపుగా నిలబడ్డ జనం మధ్య. 2017లో మాంచెస్టర్ అరీనాలో 22 మందిని బలిగొన్నవాడు కచేరీ జరిగే హాల్లోకి అడుగే పెట్టలేదు. ఆట పాట ముగించుకుని జనం బయటికి వచ్చే దారిలో కాచుకున్నాడు. వీటి నుంచి మీ యజమానులు నేర్చుకున్న పాఠం ఏమిటయ్యా అంటే, జనాన్ని తలుపు బయట గుంపుగా నిలబెట్టాలని. ఆదివారం మీ ముందున్న వరుస టికెట్ల కిటికీలు దాటి, టోపీలమ్మే కొట్టు దాటి, కార్లు నిలిపే స్థలంలోకి పాకింది. లోపల మా ప్రాణాలకు పూచీ ఇవ్వడానికి బయట ముప్పావు గంట పాటు ఏ పూచీ లేకుండా నిలబెట్టారు.

ఇక మోకాలు. ఎత్తనన్నాను గానీ, ఎత్తకుండా ఉండలేను.

మా నాన్న కుడి మోకాలు గుంటూరులో మార్పించుకున్నది. లోపలంతా లోహమే. మీరు కూయడంలో మీ తప్పు లేదు, అది మీ కులవృత్తి. ఆయన్ని పక్కకు పిలిచి చిన్న డిటెక్టర్‌తో భుజాల నుంచి పాదాల దాకా తడిమారు. మోకాలి దగ్గర అదీ కూసింది. జేబులో ఏముందని అడిగితే నాన్న మాటలతో కాలయాపన చేయలేదు. వంగి, ప్యాంటు కుడికాలు మడత మీద మడత వేస్తూ పైదాకా చుట్టి, చిప్ప మీద జెర్రి పాకినట్టున్న కుట్ల మచ్చ చూపించారు.

అక్కడ డ్యూటీలో ఉన్నావిడకు అరవై దగ్గర పడి ఉంటాయి. పొద్దస్తమానం కాంక్రీటు మీద నిలబడే ఉద్యోగం. ఆ మచ్చ చూడగానే ఆవిడలోని భద్రతా సిబ్బంది ఎటో వెళ్ళిపోయారు. ఎన్నాళ్ళకు నడిచారు, రాత్రిళ్ళు సలుపుతుందా, మెట్లు దిగగలరా అని ఒకటే ప్రశ్నలు. ఆవిడకు ఎడమ మోకాలట. డాక్టరు చెబుతూనే ఉన్నాడట, ఆవిడ వాయిదా వేస్తూనే ఉన్నారట. నాన్నకు ఇంకేం కావాలి! అమెరికా వచ్చాక ఆయన ఆపరేషన్ గురించి ఇంత శ్రద్ధగా విన్న మనిషి తగలలేదు. మొదటి నెల ఏడుపొచ్చినా సరే కాలు వంచాల్సిందేనని, కసరత్తు ఒక్క పూట కూడా మానకూడదని, నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చునే ఆశ మాత్రం వదులుకోవాలని చెప్పమన్నారు. దుబాసీని నేను. బాసింపట్టు దగ్గరికి వచ్చేసరికి గోడ అవతల ఆ హోరు లేచింది.

ఆవిడ మీద నాకు కోపం లేదు. వెనక నిలబడ్డవాళ్ళకు ఉండి ఉంటుంది, నేను తిరిగి చూడలేదు. వైద్య సలహాలు పూర్తయ్యాక, నిబంధన కాబట్టి, నాన్నను ఇంకోసారి మీలోంచి నడిచి రమ్మన్నారు. మీరు ఇంకోసారి కూశారు. ఈలోగా లోహం ఎముక అయిపోతుందని ఎవరైనా ఆశపడ్డారేమో తెలియదు.

ఇంతకూ నన్ను నిద్రపోనివ్వని సంగతి వేరే ఉంది. 2023లో లీగ్ పిచ్ క్లాక్ పెట్టింది. స్థావరాలు ఖాళీగా ఉంటే బంతి విసిరే పిచర్ 15 సెకన్లలో బంతి విసరడం మొదలుపెట్టాలి. దాటితే బ్యాటర్‌కు ఒక బాల్, అంటే పిచర్ తప్పుగా లెక్కపడే బంతి, ఉచితం. గడియారంలో ఎనిమిది సెకన్లు మిగిలేసరికి బ్యాటర్ సిద్ధంగా నిలబడి ఉండాలి. లేకపోతే అతని ఖాతాలో ఒక స్ట్రైక్, అవి మూడైతే అవుట్. అంతకు ముందు ఏడాది మూడు గంటలు దాటిన సగటు ఆట ఆ దెబ్బతో రెండు గంటల నలభై నిమిషాలకు దిగింది. ప్రేక్షకులు విసిగిపోతున్నారని, వాళ్ళ కాలం విలువైనదని లీగ్‌కు అంత బెంగ. కోట్ల డాలర్ల ఆటగాడు చేతి తొడుగు పట్టీ విప్పి మళ్ళీ బిగించుకుంటే నేరం. టోపీ సర్దుకుంటూ ఆకాశం వైపు చూస్తే నేరం. మరి నా టికెట్ డబ్బుతో జీతం తీసుకునే ఆ ఆటగాడికి సెకన్ల లెక్క ఉన్నప్పుడు, నన్ను నిలబెట్టే మీకు గంటల లెక్కైనా ఉండవద్దా?

లోపల ఇరవై నిమిషాలు మిగిల్చి, బయట అంతకు రెట్టింపు ఖర్చు పెట్టించారు. ఆట పొట్టిదైపోయింది కాబట్టి గేటు దగ్గర పోయే ప్రతి నిమిషం ఇప్పుడు మరింత ఖరీదు. పాతకాలంలో మొదటి ఇన్నింగ్స్ పోతే ఇంకా బోలెడు ఆట ఉందిలే అనుకునేవాళ్ళు. ఇప్పుడు మేము కూర్చుని చెమట తుడుచుకునే సరికి మూడో ఇన్నింగ్స్. ఆట తగ్గితే బీరు అమ్మకం తగ్గుతుందని మాత్రం కొన్ని జట్లకు క్షణాల్లో తట్టింది. ఏడో ఇన్నింగ్స్‌తో ఆపేసే అమ్మకాన్ని ఆ ఏడాది ఏప్రిల్‌లోనే ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా పొడిగించాయి. బీరుకు దొరికినంత వేగంగా నాకూ న్యాయం దొరికితే ఈ ఉత్తరం రాసే అవసరం ఉండేది కాదు.

కాబట్టి మీ నెత్తిన ఎర్రదీపం పక్కనే ఒక గడియారం పెట్టించుకోమని నా ప్రార్థన. వరుస చివర నిలబడిన మనిషి మీ దగ్గరికి పావుగంటలో చేరాలి. దాటితే ప్రేక్షకుడి ఖాతాలో ఒక బాల్, అంటే ఒక హాట్ డాగ్. అరగంట దాటితే నాలుగు బాల్స్ పడినట్టే లెక్క. బేస్‌బాల్‌లో నాలుగు బాల్స్ పడితే బ్యాటర్ దర్జాగా మొదటి స్థావరానికి నడిచి వెళతాడు కదా, మేమూ అలాగే నడిచి లోపలికి వెళ్ళిపోతాం. మీరు కూసినా సరే. గ్రాండ్ స్లామ్ తప్పిపోయినవారికి ఏ పరిహారం ఇవ్వాలో లీగ్ వారే తలలు పట్టుకుని తేల్చాలి.

మా బ్యాగు కొలతలు, పారదర్శకత గురించి మీకు పట్టింపు ఎక్కువ. లీగ్ మొదట చెప్పిన కొలత 16 అంగుళాల పొడవు, 16 వెడల్పు, 8 మందం. ఇప్పుడు ఒక్కో స్టేడియానిది ఒక్కో ధర్మశాస్త్రం. అమ్మ మనవడి కోసం కట్టిన జంతికలు అందరికీ కనబడేలా ప్లాస్టిక్ సంచిలో ఊరేగాయి. ఉప్పల్ స్టేడియంలో పెన్నులు, నాణేలు, సెంటు సీసాలు కూడా వద్దంటారు, అక్కడికంటే ఇదే నయమన్నారు నాన్న. నిజమే కావచ్చు. అక్కడ కసురుతారు, ఇక్కడ నవ్వుతూ శుభదినం చెబుతారు. ఎండలో నిలబడ్డవాడికి రెండోదే ఎక్కువ మండుతుంది.

పోనీ, ఇంత చేసినందుకు మీ వంశం ఘనకార్యాలు చూద్దామా? 2023 ఆగస్టులో షికాగోలో ఆట నడుస్తుండగా గ్యాలరీలో ఇద్దరు మహిళలకు తుపాకి గుండ్లు తగిలాయి. గుండు లోపల పేలిందా, బయటి నుంచి వచ్చిందా అని పెద్ద వాదన. ఆట మాత్రం ఆగలేదు. ఆట తర్వాత జరగాల్సిన కచేరీని "సాంకేతిక కారణాల" పేరుతో రద్దు చేశారు. ఫోను, తాళాలు తీయక్కరలేదంటూ కృత్రిమ మేధ పేరుతో వచ్చిన మీ కొత్తతరం బంధువులు ఉన్నారే, వాళ్ళను తయారుచేసే ఎవాల్వ్ సంస్థ గొప్పలన్నీ నిజం కావని 2024 నవంబరులో సాక్షాత్తు ఫెడరల్ ట్రేడ్ కమిషనే తప్పుపట్టింది.

మర్యాద ఇక చాలు.

మా గేటు దగ్గర మీలాంటివారు ఎనిమిది మంది ఉన్నారు. ఆదివారం పనిచేసింది ముగ్గురు. మిగతా ఐదుగురు నల్లటి కవర్లు ముసుగుతన్ని నిద్రపోయారు. ఆ రోజు తల ఊగించే బొమ్మ బాబుల్‌హెడ్ పంచుతామని, ముందొచ్చిన పదివేల మందికే అని నెలల ముందు నుంచి ఊదరగొట్టింది స్టేడియం వాళ్ళే. ఎన్ని టికెట్లు అమ్ముడుపోయాయో నిమిషం నిమిషం తెలిసేదీ వాళ్ళకే. ఎంతమంది వస్తారో తెలిసీ ఐదు ద్వారాలు మూశారంటే దానికి భద్రతతో ఏం సంబంధం? ఆదివారం పూట మరో పాతికమందికి జీతం ఇవ్వడం ఇష్టం లేదు, అంతే. ఆ పిసినారితనాన్ని నేరుగా ఒప్పుకుంటే జనం తిడతారు. "మీ భద్రత కోసమే" అని బోర్డు తగిలిస్తే నోరెత్తరు. ఆ బోర్డు కింద గట్టిగా మాట్లాడినవాడు అనుమానితుడు, అందులోనూ నా రంగు, నా యాస ఉన్నవాడైతే మరీను. అందుకే అందరం తలలు వంచుకుని ఫోన్లు చూసుకుంటూ నిలబడ్డాం. మోకాలు నొప్పెట్టే ముసలావిడను మూడు ద్వారాల మధ్య పరుగులు పెట్టించి, ఆవిడకు కనీసం ఒక కుర్చీ కూడా వేయలేదు.

మా ప్రాణాల మీద అంత మమకారమే ఉంటే గీత దాటి ప్రేక్షకుల మీదికి దూసుకొచ్చే ఫౌల్ బంతుల మాట ఎందుకు అన్నేళ్ళు దాటవేశారు? బంతి తగిలితే మా పూచీ లేదని టికెట్ వెనక చీమల్లాంటి అక్షరాల్లో అచ్చువేసి దశాబ్దాలు గడిపారు. 2017లో న్యూయార్క్‌లో ఒక పసిపాప ముఖానికి బంతి తగిలాక, 2018లో లాస్ ఏంజెలెస్‌లో ఒక పెద్దావిడ ప్రాణమే పోయాక, 2020 సీజన్‌కు గానీ డగౌట్లు దాటి వలలు పొడిగిస్తామని 30 జట్లూ ఒప్పుకోలేదు. మా నాన్న మోకాలు ఇప్పటిదాకా ఎవరి మీదికీ ఎగిరి వెళ్ళలేదు.

బాబుల్‌హెడ్ దొరకలేదు. మేము లోపలికి వచ్చేసరికి ఖాళీ అట్టపెట్టెలను కాళ్ళతో తొక్కి చదును చేస్తున్నారు. మా జట్టు గెలిచిందట, అంటే నేనూ చూశాను లెండి, చివరి ఏడు ఇన్నింగ్స్‌లు.

వచ్చే ఆదివారం మళ్ళీ వెళదామంటున్నారు నాన్న. ఆటంటే ఆయనకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఆవిడ ఆపరేషన్‌కు ఒప్పుకున్నారో లేదో కనుక్కోవాలట. వేరే గేటు నుంచి వెళితే తొందరగా అవుతుందన్నాను, వినడం లేదు. మూడో గేటే కావాలట. వ్యాయామాల కాగితం ఒకటి నాచేత ఇంగ్లీషులో రాయించి మడిచి జేబులో పెట్టుకున్నారు. అది వివరించడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. మా వెనక నిలబడేవాళ్ళ ముఖం చూసైనా ఆ ఐదింటిలో రెండింటికి ముసుగు తీయించండి.

ఇట్లు,
మూడో ఇన్నింగ్స్ నుంచి హాజరైన
మీ టికెట్‌దారుడు