‘ఇదిగోండి’ అనని ఆటకి టెన్నిస్ అని పేరెందుకు?

నిన్న సాయంత్రం మా అమ్మాయిని కోచింగ్ నుంచి తీసుకురావడానికి వెళ్లాను. కోర్టులో అవతలి వైపు ఒక పాప వంగి షూ లేసు కట్టుకుంటోంది. ఇవతలి పిల్లాడు అదే అదనుగా సర్వీస్ కొట్టేశాడు. బంతి వెళ్లి పాప భుజానికి తగిలింది. వాడు "ఫిఫ్టీన్ లవ్" అని అరిచాడు, పక్కన కూర్చున్న పెద్దవాళ్లు చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ ఆట పేరుకి అర్థమేమిటో వాడికి ఎవరూ చెప్పలేదు మరి.

టెన్నిస్ అన్న మాట ఫ్రెంచిలోని ‘తెనే’ నుంచి వచ్చిందని ఎక్కువమంది నిఘంటుకర్తలు ఒప్పుకుంటారు. ‘తెనీర్’ అంటే పట్టుకోవడం, దాని రూపమే ‘తెనే’. బంతి వేసేవాడు అవతలివాణ్ణి ముందే హెచ్చరిస్తూ అనే మాట అది. ఇంగ్లీషువాళ్లు దీనికి ‘హోల్డ్’, ‘టేక్’ అని అర్థం రాసి వదిలేస్తారు. అక్కడే అసలు రుచి పోతుంది. ‘తెనే’ అంటే పట్టుకో అని కాదు, పట్టుకోండి అని. నలుగురితో మాట్లాడేటప్పుడో, ఒక్కరితోనైనా మర్యాదగా మాట్లాడేటప్పుడో వాడే రూపం. ఇంగ్లీషులో ఆ ‘అండి’ లేదు, మనకుంది. కిరాణా కొట్టాయన చిల్లర చేతిలో పెడుతూ ‘ఇదిగోండి’ అంటాడే, సరిగ్గా అదే మాట! ఫ్రాన్సులో ఇప్పటికీ ఏదైనా చేతికిస్తూ ‘తెనే’ అంటారు.

విచిత్రం ఏమిటంటే, ఫ్రెంచివాళ్లు తమ ఆటని ఆ పేరుతో పిలవలేదు. మొదట్లో వట్టి చేత్తో ఆడేవారు కాబట్టి ‘జ్యూ ద పోమ్’, అంటే అరచేతి ఆట అన్నారు. ‘తెనే’ని ఆట పేరుగా చేసుకున్నది ఇంగ్లండు వాళ్లు. 1400 ప్రాంతంలో జాన్ గోవర్ కవితలో ‘తెనెత్స్’ అని కనిపిస్తుంది. అప్పటి ఫ్రెంచిలో చివరి హల్లు కూడా పలికేవారు, అదే మన నోట్లో ‘స్’గా మిగిలింది. 1874లో మేజర్ వింగ్‌ఫీల్డ్ పచ్చిక మీద ఆడే ఆటకి పేటెంట్ తీసుకుని ‘స్ఫెయిరిస్టికే’ అని గ్రీకు పేరు తగిలించాడు. ఎవరికీ నోరు తిరగలేదు. మూడేళ్లకి వింబుల్డన్ మొదలయ్యేసరికి అది లాన్ టెన్నిసే. పాత కేకే గెలిచింది.

స్కోరులో సున్నాకి వాడే ‘లవ్’ ఫ్రెంచిలో గుడ్డు అనే మాట నుంచి వచ్చిందని వాట్సాప్‌లో తిరిగే కథకి గట్టి ఆధారం లేదు. దాన్ని మాత్రం అందరూ ఫార్వర్డ్ చేస్తారు. ఇంత అందమైన కథని ఒక్కరూ చెప్పరు.

ఇది కేవలం పాత కథ కూడా కాదు. అవతలివాడు సిద్ధంగా ఉంటే తప్ప సర్వీస్ చెయ్యకూడదని ఇవాళ్టి నియమాల్లోనూ ఉంది. అంటే నోటితో అనకపోయినా ఆ ‘అందుకోండి’ ఆటలో ఇంకా బతికే ఉంది. పిల్లలకి ఫోర్‌హ్యాండ్ కన్నా ముందు ఇది నేర్పండి. అవతలివాడు సిద్ధంగా ఉండి కూడా అందుకోలేని సర్వీస్, అంటే ఏస్ కొడితే చప్పట్లు కొట్టండి, నేనూ కొడతాను. లేసు కట్టుకుంటున్న పిల్ల మీద కొడితే మాత్రం దయచేసి చప్పట్లు కొట్టొద్దు.

ఆ పాయింటు మళ్లీ ఆడించమని కోచ్‌ని అడిగాను. "చిన్న విషయం సార్" అన్నాడు. పాప భుజం రుద్దుకుంటూ రెండో పాయింటుకి నిలబడింది.