చారల జన్యువు గారికి ఒక అర్జీ

అయ్యా,

అమ్మా అని కూడా అనొచ్చు గానీ, మీరు చేసే పని చూస్తే అయ్యా అనడమే సబబు.

కిందటేడు ఒక ఫారంలో ప్లిమత్ రాక్ పెట్టను కొన్నాను. ఒళ్ళంతా నలుపు తెలుపు అడ్డచారలు, ఎవరో తువ్వాలు కప్పి పెరట్లోకి వదిలినట్టుండేది. ఇలాంటి పెట్టలు ఓ పది తిరిగితే చాలనుకుని మా నల్ల పుంజుతో జత కలిపి, గుడ్లన్నీ నాటుపెట్ట కింద పొదగేశాను. ఎనిమిది పిల్లలు లేచాయి, అన్నీ నలుపే. నాలుగింటికి మాత్రం నడినెత్తిన శనగబద్దంత తెల్లమచ్చ. దిష్టిచుక్క తెల్లగా పెట్టారేంటని మా ఆవిడ నవ్వింది.

ఈకలు తిరిగాక తెలిసింది మీ నిర్వాకం. మచ్చ ఉన్న నాలుగూ చారల పుంజులు, మిగతా నాలుగూ పెట్టలు, వాటి ఒంటి మీద మందుకైనా ఒక్క చార లేదు!

మీ కాపురం జెడ్ అనే క్రోమోజోము మీదట, అంటే జన్యువుల్ని మోసే పోగు మీద. పుంజుకు జెడ్‌లు రెండు, పెట్టకు ఒకటే, దాని రెండోది డబ్ల్యూ, అక్కడ మీ ఊసే లేదు. తల్లి తన ఒక్కగానొక్క జెడ్‌ను కొడుక్కి ఇచ్చేసి, కూతురి చేతిలో డబ్ల్యూ పెట్టి, చారలు కావాలంటే మీ నాన్ననడుగు అంటుంది. నాన్న దగ్గర ఏముంది, నలుపు తప్ప? 1986లోనే ఎన్టీఆర్ ప్రభుత్వం ఆస్తిలో ఆడపిల్లకు సమాన వాటా అని చట్టం చేసింది, ఆ కబురు కోళ్ళగూటి దాకా రాలేదా? అసలు జాతి ప్లిమత్ రాక్ పుంజుకైతే రెండు జెడ్‌ల మీదా మీరే, డబుల్ జీతం. అందుకే అది పెట్ట కంటే వెలిసిపోయినట్టుంటుంది.

మీ పక్షపాతాన్ని 1908లోనే అమెరికాలో స్పిల్‌మన్ అనే ఆయన పట్టేశాడు. పట్టుకుని మందలించారా అంటే లేదు, వాడుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండులో దాణాకు కటకట వస్తే, ఈ రంగుల తేడాతోనే ఒకరోజు పిల్లల్లో మగవాటిని ఏరేయొచ్చని పన్నెట్ అనే జన్యుశాస్త్రవేత్త దారి చూపాడు. గుడ్డు పెట్టనివాటికి మేత దండగ కదా. అంటే తల్లి ఆస్తి మొత్తం కొట్టేసిన కొడుక్కి, ఆ నెత్తిమీది మచ్చే చావుచీటీ. ఇదెక్కడి న్యాయమండీ, ఆడదానికి ఇవ్వరు, మగవాడిని బతకనివ్వరు?

మా ఇంట్లోనూ అంతే అయిందనుకోండి. సంక్రాంతికి అల్లుడుగారు వచ్చారు, రెండు చారల పుంజులు గారెల పక్కకి చేరాయి. ఒకదాన్ని కుక్క లాక్కుపోయింది. మిగిలిన ఒక్కదాన్ని పక్కింటివాళ్ళ నల్లపెట్టతో కలిపాను. ఆ పుంజుకు మీరున్న జెడ్ ఒకటి, లేనిది ఒకటి కాబట్టి పిల్లల్లో సుమారు సగానికి చారలొస్తాయి, ఆడైనా మగైనా. కూతురికి దక్కనిది కొడుకు మీదుగా మనవరాలికి, అచ్చం నాయనమ్మ పోలికే. ఇన్నాళ్ళకి దారికొచ్చారనుకున్నాను.

నిన్న పిల్లలు లేచాయి. అయిదింటికి నెత్తిన మచ్చ ఉంది. ఈసారి ఆ మచ్చ పుంజులకీ ఉంటుంది, పెట్టలకీ ఉంటుంది, ఏది ఏదో తేలాలంటే ఇంకో రెండు మూడు నెలలు ఆగాల్సిందే. వచ్చే ఆదివారం అల్లుడుగారు ఫోన్ చేసి పుంజులెన్ని అని అడుగుతారు. ఏం చెప్పమంటారు?

ఇట్లు,
నాలుగు నల్లపెట్టల యజమాని