జింక పడక చూపించడం హింస కాదు

పెన్సిల్వేనియాలోని మన తెలుగు సంఘం మొన్నటి కార్తీక వనభోజనాల కార్యక్రమ పత్రంలో మొదట కనిపించిన "అడవిలో జింక జాడలు" అనే అంశం చివరి వారంలో తొలగిపోయిన సంగతి సభ్యులకు తెలిసిందే. మగ జింకలు పగటిపూట ఎక్కడ పడుకుంటాయో జాడలను బట్టి ఎలా కనుక్కోవాలో పిల్లలకు చూపించడానికి మా వీధిలోని ఒక అమెరికన్ పెద్దాయన సంతోషంగా ఒప్పుకున్నారు. ఆయన వేటాడతారని తెలిసి, శివుడికి ప్రీతికరమైన మాసంలో, ఉల్లి కూడా ముట్టని రోజున వేటగాణ్ణి పిలవడమేమిటని కొందరు అభ్యంతరం చెప్పారు. కార్యవర్గం ఆ గంటను తంబోలాకు ఇచ్చింది. రావద్దని ఆయనకు చెప్పే పని నా మీద పడింది. "పరవాలేదు" అని ఆయన తలుపు వేసుకున్నారు. ఆ క్షణం నా మనసును ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది.

ఆయన ఏమి చూపించబోయారో చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. అంతకు ముందు శీతకాలంలో, వేట గడువు ముగిశాక, మనం వనభోజనాలు చేసుకునే పార్కు వెనుక గుట్ట మీదికి ఆయన నన్ను తీసుకువెళ్లారు. గిట్టల అచ్చులు, పెంటికలు దండిగా ఉన్న వెడల్పాటి దారిని చూసి నేను అటు నడవబోతే, అది ఎక్కువగా ఆడ జింకలూ పిల్లలూ మేతకు వెళ్లే దారి అని ఆపి, పక్కనే పొదల్లోంచి సాగే సన్నని బాటను చూపించారు. ఆ బాట వెంట లేత చెట్ల తొక్క మోకాలి ఎత్తున చెక్కినట్లు ఊడి ఉంది. సెప్టెంబరులో కొమ్ముల మీది మెత్తటి పొర రాలినప్పటి నుంచి మగ జింక చెట్లకు కొమ్ములు రుద్దుతుంది. దాని నుదుటి వాసన ఆ మానుకు అంటుకుని, ఇతర జింకలకు దాని ఉనికిని తెలుపుతుంది. సాధారణంగా జింక ఎటునుంచి వస్తే అటువైపు తొక్క ఊడుతుంది. ఆ గుర్తులు గుట్ట పైవైపుకు తిరిగి ఉన్నాయి గనుక, సాయంత్రం పడక విడిచి కిందికి దిగుతూ రుద్దినవని ఆయన నిర్ధారించారు. వాటిని పట్టుకుని ఎదురు ఎక్కాము.

శిఖరానికి కొంచెం దిగువన, మౌంటెన్ లారెల్ పొదల చాటున, పడిపోయిన ఓక్ మానుకు ఆనుకుని సుమారు నాలుగు అడుగుల పొడవున ఆకులు అణగిపోయి ఉన్నాయి. వాటి మీద బిరుసైన బూడిదరంగు వెంట్రుకలు. ఆడ జింకల పడకలు చిన్నవీ పెద్దవీ గుంపుగా కనబడతాయి, ఇది ఒంటరిది. ఆయన నన్ను అందులో కూర్చోమన్నారు. వీస్తున్న గాలి వీపు వెనుక శిఖరం మీదుగా దిగి, కంటికి కనబడని వైపు వాసనలను తెస్తుంది. ముందున్న వాలంతా కంటికి అందుతుంది. ఎండ ఎక్కాక నేల వేడెక్కి, లోయలోని వాసన పైకి లేస్తుంది. అక్కడి నుంచి చూస్తే, ఆకులు రాలిన చెట్ల సందుల్లోంచి మన పిక్నిక్ షెల్టరు స్పష్టంగా కనిపించింది. ఉసిరి చెట్టు లేనందున మేపుల్ కొమ్మకు ఇండియన్ స్టోరు ఉసిరికాయలు కట్టి మనం పూజ చేసుకునే చోటు అదే. మనం మైకు పెట్టి పాటలు పాడుతున్నప్పుడు, ఆ జీవి అక్కడ నెమరు వేసుకుంటూ మనల్ని గమనించి ఉండవచ్చు.

అభ్యంతరం చెప్పినవారి మనసు నాకు తెలుసు. శాకాహారం వారికి ఆచారం మాత్రమే కాదు, దయ. అయితే ఆ దయతో పాటు, ఇక్కడ జింకను కాపాడినది ఎవరి డబ్బో ఆ చరిత్రను కూడా చూడాలి. గత శతాబ్దం మొదలయ్యేనాటికి పెన్సిల్వేనియాలో జింకలు దాదాపు కనుమరుగై, 1906లో మిషిగన్ నుంచి తెచ్చి వదలవలసి వచ్చింది. ఇక్కడి వన్యప్రాణి శాఖకు వచ్చే ముఖ్యమైన ఆదాయాల్లో వేట లైసెన్సుల రుసుమూ, 1937 నాటి చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద వసూలయ్యే పన్నూ ఉన్నాయి. పైగా కార్తీకంలో మనం ఆరాధించే శివుడు కన్నప్ప వేటాడి తెచ్చిన మాంసాన్ని ఆరగించినవాడు. ఆ కథను మన పిల్లల చేత నాటకం వేయించి చప్పట్లు కొడతాము.

మార్కాపురం దగ్గర మా తాతగారి ఊళ్లో, కంది చేలో పడిన దుప్పుల జాడ తీయడానికి నల్లమల నుంచి చెంచులను పిలిచేవారు. ఒక అణిగిన గడ్డిపరక చూసి మంద ఎటు పోయిందో చెప్పగల ఆ మనిషిని మావాళ్లు అరుగు ఎక్కనివ్వలేదు. నీళ్లు దోసిట్లో పోశారు. విద్య కావాలి, మనిషి అక్కరలేదు. ఈనాడు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో అటవీశాఖకు కళ్లూ చెవులూ ఆ చెంచులే. ఆ అరుగును మనం ఇంత దూరం మోసుకురావలసిన అవసరం లేదు.

అందువల్ల కార్యవర్గాన్ని వేడుకుంటున్నాను. వనభోజనాల పవిత్రతకు భంగం లేకుండా, ఫిబ్రవరిలో ఒక శనివారం ఈ నడకను విడిగా పెట్టండి. అప్పటికి జింకల వేట గడువు ముగుస్తుంది. ఆయుధం ఊసే ఉండదు. ఆయనకు ఆహ్వానం నా ద్వారా కాకుండా మన అధ్యక్షుల సంతకంతో వెళ్లాలి. పిల్లలు లైమ్ జబ్బు తెచ్చే పిడుదులు ఎక్కకుండా ప్యాంటు అంచులను మేజోళ్లలో దోపుకోవాలి. వసంతంలో కొత్త చిగురు కమ్మితే బాటలూ పడకలూ కనబడవు గనుక, జనవరి సమావేశంలోనే నిర్ణయం తీసుకోండి.