ఆలు లేదు, చూలు లేదు, హ్యాండ్‌బ్రేక్ మాత్రం వచ్చింది

మా అక్క కొడుకు డ్రిఫ్టింగ్ మొదలుపెట్టాడు, అంటే వెనక చక్రాలు జార్చి కారును అడ్డంగా నడిపే విద్య. కారు లేదు. అది చిన్న లోపమే కాబట్టి దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు నెల్లూరులో మా అక్కావాళ్ళింటికి కొరియర్‌లో దిగిన సామాను గురించి చెప్పాలి. మూరెడు పొడవున్న హైడ్రాలిక్ హ్యాండ్‌బ్రేక్ ఒకటి, స్టీరింగ్ ఒకటి, జపాన్ అక్షరాల స్టిక్కర్లు రెండు షీట్లు. ఆ అక్షరాలకు అర్థమేందిరా అంటే, "అర్థం ఎందుకు మామా, లుక్కు చూడు" అన్నాడు.

ఇవన్నీ ఏ కారుకయ్యా అంటే మజ్దా ఆర్ఎక్స్-8కి. దాని తయారీ 2012లోనే ఆగిపోయింది. ఆ కంపెనీ మన దేశంలో ఒక్క కారూ అమ్మలేదు. పాత కారును బయటి నుంచి తెప్పించుకోవాలంటే అది తయారై మూడేళ్ళు దాటకూడదని మన దిగుమతి నిబంధన. మావాడికి లెక్కలు మొదటి నుంచీ కొంచెం తేడా. అందుకే ఇప్పటికీ ధైర్యంగా ఉన్నాడు.

కారు వచ్చేలోపు చెయ్యి తిరగాలిగా! అందుకని ఆ హ్యాండ్‌బ్రేకును డైనింగ్ టేబుల్ కుర్చీకి బిగించాడు. మా అక్క పెళ్ళప్పుడు సారెలో ఇచ్చిన టేకు కుర్చీ అది, దానికి నాలుగు బోల్టులు. రాత్రి భోజనాలయ్యాక దీక్ష మొదలు. కుడిచేత స్టీరింగు, ఎడమచేత హ్యాండ్‌బ్రేకు, నోటితో ఇంజిన్. ఆర్ఎక్స్-8లో ఉండేది రోటరీ ఇంజిన్. ట్యూనింగ్ చేస్తే అది కుదురుగా మోగదట, 'బ్రాప్ బ్రాప్' అని తెగి తెగి మోగుతుందట. ఆ శబ్దాన్ని మావాడు ఎంత నిష్ఠగా సాధన చేశాడంటే, మా అమ్మ రెండు రాత్రులు విని, మనవడికి కడుపుబ్బరమని తేల్చి, మూడో రాత్రి వాము నీళ్ళు కాచి తెచ్చింది. హెల్మెట్ తీసి తాగాడు. అవును, హెల్మెట్ కూడా ఉంది.

తర్వాత నన్ను వెంటబెట్టుకుని పొదలకూరు రోడ్డులో నాకు తెలిసిన మేస్త్రీ షెడ్డుకు వెళ్ళాడు. అంబాసిడర్ల కాలం నుంచి చేతులకు గ్రీజు వదలని మనిషి ఆయన. మావాడు ఫోన్‌లో ఆ ఇంజిన్ బొమ్మ చూపించి వివరించాడు. నడుం దగ్గర నొక్కిన కోడిగుడ్డులాంటి గది, అందులో పక్కలు ఉబ్బిన సమోసాలాంటి రోటరు గిర్రున తిరుగుతూ ఉంటుంది. అలాంటివి రెండు, ఒక్కోటీ 654 సీసీ, వెరసి 1308.

మేస్త్రీ కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. "పిస్టన్లు యాడుండాయి?"

"ఉండవు."

"మరి రింగులు దేనికేస్తారు?"

"వెయ్యరు."

"వాల్వులన్నా ఉండాయా?"

"అవీ ఉండవు."

"అయితే నాతో ఏం పని అబ్బయా, టీ తాగి పోండి."

అక్కడితో వదిలితే పోయేది. వీడు తన సెటప్ లిస్టు చదివాడు. మొదటిది ఇంజిన్ పవర్ పెంచే టర్బో. రెండోది సైలెన్సర్ తీసేయడం. మూడోది స్టిక్కర్లు. నాలుగోది లేదు.

నాకు ఒళ్ళు మండింది. ఒరే నాయనా, ఆ సమోసా మూడు మూలల్లో అపెక్స్ సీల్స్ అని సన్నటి పట్టీలుంటాయి. గదిలో బిగువు నిలబెట్టేది అవే. ఒకటి చిట్లిందా, ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే. అవి ఎండిపోకుండా కంపెనీవాళ్ళే కాస్త ఇంజిన్ ఆయిల్ లోపలికి వదిలి, పెట్రోలుతో పాటు కాల్చేస్తారు. ఆయిల్ తాగడం దాని జబ్బు కాదు, పుట్టుకే అంత. పెట్రోలు బంకులో ఆగినప్పుడల్లా డిప్‌స్టిక్ తీసి ఆయిల్ ఎంతుందో చూసే ఓపిక ఉండాలి. మావాడు సొంత బైకుకు గాలి కూడా వాళ్ళ నాన్న చేత కొట్టించుకుంటాడు.

డ్రిఫ్ట్‌లో కారు అడ్డంగా జారుతుంది కాబట్టి ముందు నుంచి గాలి సరిగా తగలదు. చిన్న ఇంజిన్, నెమ్మదిగా తిరిగేటప్పుడు లాగుడు తక్కువ, కాబట్టి పట్టి 9000 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 9000 చుట్ల దాకా అరిపిస్తారు. అసలే వేడెక్కే రకం. ఒక్కసారి మరిగిందంటే లోపలి వాటర్ సీల్స్ కూడా పోతాయి. అందుకే కొత్తగా నేర్చుకునేవాడు డబ్బు పెట్టాల్సింది ముందు మంచి రేడియేటరు, ఆయిల్ కూలర్ల మీద. ఆ తర్వాత వెనక చక్రాలు రెండూ కలిసి తిరిగేలా ఎల్ఎస్‌డీ (లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్), ఒంటిని గట్టిగా పట్టే సీటు. పవర్ జోలికే పోకూడదు. అసలు కొనేముందే లోపల బిగువు ఎంతుందో తెలియడానికి రోటరుకు మూడు ముఖాల చొప్పున ఆరు కంప్రెషన్ రీడింగులు చూడాలి. ఇదంతా చెప్తే మావాడు నా వైపు జాలిగా చూశాడు. రేడియేటర్ వీడియోకి లైకులు రావట.

వీడికి కారు లేదు, సరే. వీడి జట్టులో నలుగురికి ఉన్నాయి. అన్నీ ముందు చక్రాలతో లాగే ఇంటి కార్లే. కోతల రోజుల్లో రాత్రిపూట మైపాడు వైపు రోడ్డెక్కుతారు. అప్పుడు రోడ్డు సగం మేర రైతులు వడ్లు ఆరబోసి, బళ్ళు తొక్కకుండా చుట్టూ రాళ్ళు పేర్చుకుంటారు. వీళ్ళు ఆ రాళ్ళనే కోన్లుగా పెట్టుకుని హ్యాండ్‌బ్రేకు లాగి కారు తిప్పుతున్నారు. వీడియో నాకూ చూపించాడు, మెచ్చుకుంటానని. మూలన రాశి పక్కన టార్పాలిన్ మీద దుప్పటి ముసుగేసుకుని ఒకాయన పడుకుని ఉన్నాడు. కారు వెనక టైరుకూ ఆ దుప్పటికీ మధ్య ఎంత ఉందో నేను వీడియో ఆపి చూశాను. రెండడుగులు లేదు. అది మనిషి తలరా! ఆరబెట్టుకోను కళ్ళం లేక నడిరోడ్డు మీద పంటకు కాపలా పడుకున్న మనిషి. దానికి వీళ్ళు చప్పట్లు, పెద్దలు "కుర్రాడు భలే తిప్పాడే" అని కామెంట్లు. నడిరోడ్డు మీద పందేలు ఆడితే చట్టంలో మొదటి తప్పుకు జరిమానా 5,000 రూపాయలలోపే. వీడి హ్యాండ్‌బ్రేకు ఖరీదు అంతకంటే ఎక్కువ.

"జపాన్‌లో డ్రిఫ్టింగ్‌కు పేరుపడ్డ సుచియా కూడా కొండ రోడ్ల మీదే నేర్చుకున్నాడు మామా" అన్నాడు. ఆ రోడ్ల మీద వడ్లు ఆరబోశారా? అంత మోజుంటే చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో రేస్ ట్రాక్ ఉంది, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరతావు అన్నాను. టోల్ గేట్లు ఎక్కువన్నాడు.

వచ్చేటప్పుడు మేస్త్రీ ఒక్క మాటన్నాడు. "ట్రాక్టరుకు ఎడమ బ్రేకు, కుడి బ్రేకు వేర్వేరుగా ఉంటయ్యి గదా. దమ్ములో మావోళ్ళు ఎడమది తొక్కి ఉన్నచోటే తిప్పుతారు. స్టిక్కర్లేం లేవు."

మొన్న మా మడిలో దమ్ము చేస్తుంటే మావాణ్ణి ట్రాక్టర్ ఎక్కించాం. హెల్మెట్ పెట్టుకునే ఎక్కాడు. రెండో చుట్టులో గట్టు తెగ్గొట్టి పక్కవాళ్ళ నారుమడిలోకి దించాడు. ఆ నారుకు డబ్బు నేనే కట్టాను. కుర్చీకున్న హ్యాండ్‌బ్రేకు మీద మా అక్క ఇప్పుడు తడి తువ్వాళ్ళు ఆరేస్తోంది.