రెండో బ్రేకు లెక్క రాయండి

డ్రైవింగ్ స్కూలు కారులో నేర్పేవారి కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. మలుపు దగ్గర పిల్లాడు తడబడితే ముందు ఆ కాలే పడుతుంది. కారు ఆగుతుంది. తానే ఆపానని పిల్లాడు సంబరపడతాడు. పక్కన ఆ కాలు లేని మొదటి రోజుకు అతన్ని సిద్ధం చేయడమే కోర్సు పని. టీనేజర్లకు నేర్పే స్కూళ్లకు నిబంధనలు రాసేవారు ఈ ఒక్క సంగతి మరవకూడదని కోరుతున్నాం.

చాలాచోట్ల జరిగేది వేరు. పరీక్ష ఏ రోడ్డు మీద పెడతారో ఆ రోడ్డే, అదే రివర్స్, అదే పార్కింగ్, అదీ రద్దీ లేని వేళలో. పిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పి పాసవుతారు. జోరువానలో అద్దం మసకబారినప్పుడు, ఎదుటి బండి హైబీమ్ కళ్లలో కొట్టినప్పుడు ఏం చేయాలో వాళ్లకు ఎవరూ చూపించి ఉండరు.

అందుకే గంటలు పెంచాలి. కాలిఫోర్నియాలో 18 ఏళ్లు నిండనివారు స్కూల్లో 6 గంటలు నడిపితే చాలదు. అనుభవమున్న పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకుని మరో 50 గంటలు నడపాలి, అందులో 10 గంటలు రాత్రిపూట. స్వీడన్ 1993లో నేర్చుకోవడం మొదలుపెట్టే వయసును పదిహేడున్నర నుంచి 16కు తగ్గించింది, లైసెన్సు మాత్రం 18కే ఇస్తోంది. ఆ అదనపు కాలంలో బాగా సాధన చేసినవారికి ఆ తర్వాత ప్రమాదాలు తగ్గాయి.

అయితే గంటలు కాగితం మీద కూడా నిండుతాయి. ఒకే పెన్నుతో, ఒకే రోజు, పేజీలకు పేజీలు సంతకాలు పెట్టిన లాగ్‌బుక్ ఏ ప్రాణాన్నీ కాపాడదు. వాన, రాత్రి, రద్దీ, హైవే అని లాగ్‌బుక్‌లో విడివిడిగా గళ్లుండాలి. ఏ ఒక్క గడి ఖాళీగా ఉన్నా సర్టిఫికెట్ ఇవ్వకూడదు.

ఏం నేర్పుతున్నామన్నది ఇంకా పెద్ద ప్రశ్న. జారే రోడ్డు మీద బండిని అదుపు చేసే శిక్షణను నార్వే ఒకప్పుడు తప్పనిసరి చేసింది. దాని తర్వాత కుర్రాళ్ల ప్రమాదాలు తగ్గకపోగా పెరిగాయని పరిశోధకులు గుర్తించారు. 'జారినా నేను చూసుకోగలను' అనే ధీమా వేగాన్ని పెంచింది. పిల్లలకు ముందు రావాల్సింది విన్యాసాలు కాదు, ముప్పును దూరం నుంచే పసిగట్టే చూపు. ఆగి ఉన్న బస్సు ముందు నుంచి ఎవరైనా రోడ్డు దాటొచ్చని ముందే తట్టాలి. బ్రిటన్ 2002 నుంచి ఈ చూపును వీడియోలతో పరీక్షిస్తోంది. మంచి పద్ధతి. 60 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు ఫోన్ చూస్తే కారు 33 మీటర్లు దాటిపోతుంది. ఆ దూరాన్ని క్లాసులో చెప్పి వదిలేయకుండా, మైదానంలో పిల్లల చేతే అడుగులు వేయించి కొలిపించాలి.

తల్లిదండ్రులకూ ఒక క్లాసు తప్పనిసరి చేయాలి. వెనక సీట్లో స్నేహితులు ఎక్కితే టీనేజర్ నడిపే బండికి ప్రమాదం ఎంత పెరుగుతుందో వాళ్లకు తెలియాలి, తాళం చెవి ఇచ్చేది వాళ్లే కాబట్టి. కోర్సు పెరిగితే ఫీజూ పెరుగుతుంది. కట్టలేని కుటుంబాల భారం ప్రభుత్వమే మోయాలి. లేకపోతే ఆ ఇళ్ల పిల్లలు ఏ శిక్షణా లేకుండానే రోడ్డెక్కుతారు.

చివరగా, ఖర్చు లేని ఒక నిబంధన. ప్రతి పాఠంలో నేర్పేవారు రెండో బ్రేకు ఎన్నిసార్లు తొక్కారో రాయాలి. చివరి ఐదు పాఠాల్లో ఆ అంకె సున్నా అయితేనే పిల్లలను పరీక్షకు పంపాలి.