‘ఒంటరివారికి గదులు ఇవ్వబడవు’ బోర్డు గారికి

మహారాజశ్రీ బోర్డు గారి సముఖమునకు,

నెల్లూరు నుంచి ఒక ఒంటరి ఆడమనిషి నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. ఈ మాట ముందే చెప్పేస్తే మీ గుండె కుదుటపడుతుందని రాస్తున్నాను.

మైపాడు తీరానికి దగ్గర్లో, ఒక లాడ్జి కౌంటరు వెనక గోడ మీద, ఆంజనేయస్వామి పటం కింద మీరు కొలువై ఉన్నారు. తెల్లరేకు, ఎర్రక్షరాలు, నాలుగు మూలలా తుప్పుపట్టిన మేకులు. మీ పైన పటంలో ఉన్నాయన సంగతి ఎప్పుడైనా ఆలోచించారా? ఆయన సముద్రం దాటింది ఒక్కడే. తోడు లేదు, లగేజీ లేదు, గుర్తింపు కార్డు కింద చేతిలో ఒక ఉంగరం. మీ కౌంటరుకొస్తే, "ఉంగరం చెల్లదు స్వామీ, సుగ్రీవుడి ఫోన్ నంబరియ్యండి, ఒకసారి కనుక్కుంటాం" అని అక్కడే నిలబెట్టేవాళ్లు.

అసలు ఒక్కదాన్నే సముద్రం దగ్గరికి పోయి ఉండాలన్న ఈ కోరిక నాకు ఎలా పుట్టిందో చెప్పాలి. ఆ మధ్య చెన్నై దాటి కోవళం వెళ్లాను. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీదుండే జాలర్ల ఊరు. కేరళ కోవళం కాదు, ఇది వేరే. ఇప్పుడక్కడ సర్ఫింగ్ నేర్పుతారు, అంటే బోర్డు మీద నిలబడి అలల మీద జారే ఆట. నేను దిగిన చోట మంచాలు ఒకదాని మీద ఒకటి, మనిషికొక మంచం. ఆధార్ చూసుకుని నన్నడిగినవి రెండే ప్రశ్నలు: ఈత వచ్చా, పొద్దున టిఫిన్లోకి గుడ్డు తింటారా. మా ఆయన ఏం చేస్తాడని గానీ, మా నాన్నకు తెలుసా అని గానీ ఒక్కరూ అడగలేదు. కొంచెం వెలితిగా కూడా అనిపించింది. అలవాటు మరి.

తెల్లారగట్ల నీళ్ల దగ్గరికి తీసుకెళ్లారు. ఆ వేళప్పుడు గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుందట, అలలు చెదరకుండా నున్నగా లేస్తాయి. ఎండెక్కాక గాలి ఎదురు తిరుగుతుంది, ఇక నేర్చుకునేవాళ్లకు కష్టం. ముందు ఇసకలోనే బోర్డు పెట్టి బోర్లా పడుకోబెట్టారు. చేతులు పక్కటెముకల దగ్గర ఆనించి, మోకాళ్లు తాకకుండా ఒక్క ఊపున లేచి నిలబడాలి. తర్వాత చీలమండకు తాడు కట్టి నీళ్లలోకి తోశారు. ఆ తాడు మనిషి కోసం అనుకున్నాను. బోర్డు కొట్టుకుపోయి ఇంకొకడి తలకు తగలకుండా కూడానట.

మీకు చెప్పాల్సిన సంగతి ఇదే. సర్ఫ్ బోర్డు కూడా మీ ఇంటిపేరు వాడే. కాకపోతే ఆయన సిద్ధాంతం పూర్తిగా వేరు. ఒక్కరినే ఎక్కించుకుంటాడు. దంపతులా, అన్నాచెల్లెళ్లా అని చూడడు, ఇద్దరెక్కబోతే ఇద్దరినీ ముంచేస్తాడు.

ముక్కులోకి ఉప్పునీళ్లు పోయి, మోచేతులు దోక్కుపోయి, బయటికొచ్చి వేయించిన చేప తిని, గోడనీడన పడుకుని సాయంత్రం దాకా నిద్రపోయాను. లేచేసరికి నా చెప్పుల మీద కుక్క పడుకుని ఉంది. అంతే ఆరోజు జరిగింది. ఇంత గొప్ప రోజు ఈమధ్య నాకు గుర్తులేదు.

మనకూ ఉంది కదా సముద్రం, అనిపించింది. అదే బంగాళాఖాతం, టౌన్నుంచి పాతిక కిలోమీటర్లు. చిన్నప్పుడు మన రాష్ట్ర తీరం 974 కిలోమీటర్లని బట్టీ పట్టాం. ఈమధ్య మళ్లీ కొలిస్తే వెయ్యి దాటిందట. పెరిగిన దాంట్లో ఒంటరిదానికి ఒక చాపంత జాగా దొరక్కపోతుందా అని బయల్దేరాను.

మైపాడులో ఇసక మీద కూర్చుని పావుగంట కాలేదు. చెనక్కాయలమ్మే ఆమె వచ్చి గంప దించింది. "ఏందమ్మా, ఒక్కదానివే వచ్చినావా? ఇంట్లో ఏమన్నా గొడవా?" లేదన్నాను. నమ్మలేదు. పొట్లంలో ఇంకో గుప్పెడు పోసి, "ఏదైనా సర్దుకుపోవాలమ్మా" అని వెళ్లింది. అవతల పడవ నీడలో వల బాగుచేసుకుంటున్న పెద్దాయన అప్పటిదాకా సముద్రం వైపు తిరిగి ఉన్నాడు. లేచి, వల మొత్తం ఇటు లాక్కుని, నాకెదురుగా కూర్చున్నాడు. కాలి బొటనవేలికి వల తగిలించి దారం బిగిస్తూనే, ముడి ముడికీ తలెత్తి నన్ను చూస్తాడు. నేను కాళ్లు తడుపుకుందామని లేస్తే ఆయనా లేచాడు! వాళ్ల మీద నాకేం కోపం లేదు. అంత శ్రద్ధగా మా ఇంట్లోవాళ్లు కూడా చూడరు.

అదే సమయానికి ఒక వ్యానులోంచి ఇరవైమంది దిగారు. పులిహోర గిన్నెలు, స్పీకరు, చంకలో పిల్లలు. మగపిల్లలు చొక్కాలు విప్పి ఛాతీలోతు నీళ్లలోకి పోయారు, ఒక్కడికీ ఈత రాదని అరుపుల్లోనే తెలుస్తోంది. వాళ్లను ఎవరూ ఏమీ అడగలేదు. గుంపుగా వచ్చారంటే సుఖంగా ఉన్నట్టే లెక్క. సెలవు రోజు మర్నాటి పేపర్లో సముద్రం లాక్కెళ్లిన వార్తలు నేను చదివినంతవరకూ ఇలా స్నేహితులతోనో చుట్టాలతోనో వెళ్లినవాళ్లవే. మీరు కాపలా కాస్తున్నది మాత్రం గట్టు మీద కూర్చున్న మనిషిని.

మీ మేనేజరు చెడ్డవాడు కాదు. ఎప్పుడో ఎవరో గదిలో ఏదో చేసుకుని ఉంటారు, స్టేషను చుట్టూ తిరిగి ఉంటాడు, ఆ టెన్షన్ ఆయనది. కానీ ఒంటరివాళ్లంతా చావడానికే వస్తారని ఒక రేకు మీద రాయించి మేకులు కొట్టేస్తే ఎట్లా? తిరుమల కొండ మీద ఒంటరిగా వెళ్లినవాళ్లకు గది కాకపోయినా హాల్లో చోటూ, సామానుకు ఉచితంగా లాకరూ అయినా చూపిస్తారు. నేనొచ్చి గది అడిగితే మీరు బస్టాండుకు దారి చూపించారు.

ఇంతలో నన్ను దింపిన ఆటో అన్న చిల్లర కోసం లోపలికొచ్చాడు. మేనేజరు మొహం వెలిగిపోయింది. "ఈయన మీకేమవుతాడమ్మా?" నేను నోరు తెరవకముందే ఆటో అన్న "చెల్లెలు సార్" అనేశాడు. రిజిస్టరు తిరిగింది, పెన్ను వచ్చింది, ఆయన సంతకం పడింది. నా పేరు కూడా సరిగ్గా తెలియని మనిషి, గంట క్రితం నాతో ముప్పై రూపాయల దగ్గర పోట్లాడిన మనిషి, ఒక్క గీతతో నన్ను గౌరవనీయురాలిని చేసేశాడు. నా ఉద్యోగం కార్డు, ఆధార్, బ్యాంకులో డబ్బులు చెయ్యలేని పని అది.

కోవళంలో ఆ సర్ఫింగ్ పాఠాలకు దారి వేసినవాళ్లలో మూర్తి మేగవన్ ఉన్నాడు, చేపల వేటకు పోయే మనిషే. 2012లో స్కూలు పెట్టాడు. మన పడవల కుర్రాళ్లకు అలల సంగతి అంతకన్నా తక్కువేం తెలియదు. రేపు మనవాళ్లలోనూ ఒకడు మొదలుపెట్టాడే అనుకోండి. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు నాలాగే, సంచీ తగిలించుకుని ఒక్కొక్కరే వస్తారు. మీ కింద నిలబడి ఒక్కొక్కరే వెనక్కి పోతారు.

గది బాగుంది. కిటికీ తీస్తే నిజంగానే సముద్రం కనపడింది. ఇద్దరి అద్దె తీసుకున్నారు, దుప్పటి ఒకటే ఇచ్చారు, సరే.

వచ్చే నెల మళ్లీ వద్దామనుకుంటున్నాను. ఆటో అన్న ఆ వారం బావమరిది పెళ్లికి ఆత్మకూరు పోతున్నాడట, కుదరదన్నాడు. మీ స్టాఫులో ఎవరికైనా ఒక సంతకంసేపు నాకు అన్నయ్యగా ఉండే తీరిక ఉంటుందేమో కనుక్కుని చెప్పగలరు. తమ్ముడైనా ఫర్వాలేదు.

ఇట్లు,
రిజిస్టరులో ‘ఆటో తాలూకు చెల్లెలు’