ఫైలు పోగొట్టింది సర్కారు, రుజువు తేవాల్సింది సైనికుడా?

అమెరికాలో ఒక మాజీ సైనికుడు "నా సర్వీసు రికార్డులో తప్పుంది, సరిచేసి నాకు రావాల్సిన పతకాలు ఇవ్వండి" అని అర్జీ పెట్టుకుంటే, ఆ తప్పు జరిగిందని నిరూపించాల్సింది అతనే. రికార్డు రాసింది సైన్యం, దాచింది సర్కారు, చాలామంది విషయంలో దాన్ని పోగొట్టింది కూడా సర్కారే. రుజువు మాత్రం ఎనభై తొంభై ఏళ్ల పెద్దాయన వెతికి తేవాలి. ఇది అన్యాయం. మార్చాల్సింది కూడా ఎక్కడో లోతుల్లో లేదు, భారం ఎవరి మీద పెట్టాలన్న ఒక్క నిబంధనలోనే ఉంది.

సైన్యం నుంచి బయటికొచ్చేటప్పుడు చేతిలో పెట్టే కాగితం డీడీ 214. ఇప్పటి ఫారంలో అయితే 13వ గడిలో పతకాలు, బ్యాడ్జీలు, రిబ్బన్లు వరసగా రాయాలి. యుద్ధం అయిపోయి వేలమందిని ఒకేసారి ఇళ్లకు పంపే రోజుల్లో ఆ గడి నింపేది ఒక గుమాస్తా, ఎదురుగా ఎప్పుడు ఇల్లు చేరతామా అని లైన్లో నిలబడ్డ కుర్రాళ్లు. ఇరవై ఏళ్లవాడు ఆ గడిలో ఏం రాశారో, ఏం వదిలేశారో సరిచూసుకుంటాడా? సంతకం పెట్టి వెళ్లిపోతాడు. తన పక్కన పోరాడినవాడికి వచ్చిన పతకం తనకెందుకు రాలేదన్న ఆలోచన ఏ నలభై ఏళ్లకో వస్తుంది. అప్పటికి అది గోడకు తగిలించుకునే వస్తువు ఒక్కటే కాదు. యుద్ధంలో గాయపడ్డవాళ్లకిచ్చే పర్పుల్ హార్ట్ పతకం ఉంటే మాజీ సైనికుల వైద్యసేవల నమోదులో ప్రాధాన్యం ఉంటుంది, ఆర్లింగ్టన్ శ్మశానంలో ఖననానికి అర్హత వస్తుంది.

అర్జీ వెళ్లేది సైనిక రికార్డుల సవరణ బోర్డుకి. 1946లో చట్టం చేసి పెట్టారు, నిర్ణయించేది పౌర అధికారులే. తప్పు తెలిసిన మూడేళ్లలోపు అడగాలి, న్యాయం కోసం అవసరమనుకుంటే బోర్డు ఆ గడువును పక్కన పెట్టొచ్చు. అంతవరకు బాగానే ఉంది. చిక్కంతా బోర్డు ఎక్కణ్నుంచి మొదలుపెడుతుందన్న దగ్గరుంది. అప్పటి అధికారులు తమ పని సక్రమంగానే చేసి ఉంటారన్న నమ్మకంతో మొదలుపెడుతుంది. అది తప్పని అర్జీదారు సాక్ష్యంతో ఒప్పించాలి. ఏ కాగితం తక్కువైందో చెప్పి, దాన్ని సంపాదించడంలో కొంత సాయం చేయాలని చట్టంలో తర్వాత చేర్చారు, మంచిదే. కానీ కాగితం ఎక్కడా దొరక్కపోతే నష్టపోయేది మాత్రం ఇప్పటికీ అర్జీదారే.

కాగితం ఎందుకు దొరకదో చూద్దాం. 1973 జులై 12న సెయింట్ లూయిస్ పక్కన ఓవర్‌లాండ్‌లో ఉన్న జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రంలో ఆరో అంతస్తు తగలబడింది. కోటీ అరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల దాకా ఫైళ్లు బూడిదయ్యాయి. 1912 నవంబరు నుంచి 1960 జనవరి 1 మధ్య డిశ్చార్జ్ అయిన ఆర్మీ వాళ్ల రికార్డుల్లో దాదాపు 80 శాతం పోయాయి. 1947 సెప్టెంబరు నుంచి 1964 జనవరి 1 మధ్య బయటికొచ్చిన వైమానిక దళం వాళ్లవైతే, ఇంటిపేర్ల అక్షరక్రమంలో హబ్బర్డ్ తర్వాత వచ్చేవాళ్లవి, 75 శాతం పోయాయి. ఇంటిపేరు ఏ అక్షరంతో మొదలవుతుందన్నదాన్ని బట్టి ఒకడి సర్వీసు చరిత్ర మిగిలింది, ఇంకొకడిది కాలిపోయింది. నకళ్లు తీసిపెట్టలేదు, మైక్రోఫిల్మ్ లేదు, కాలినవి ఎవరెవరివో చెప్పే పూర్తి జాబితా కూడా లేదు. రికార్డులున్న ఆ అంతస్తులో మంటల మీద నీళ్లు చల్లే స్ప్రింక్లర్లు లేవు. ఇందులో ఏ ఒక్కటైనా సైనికుడి నిర్లక్ష్యమా?

దీనికి రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రాంజ్ స్టార్ పతకం సంగతి కలపండి. నేరుగా పోరులో పాల్గొన్నందుకిచ్చే కంబాట్ ఇన్‌ఫాంట్రీమన్ బ్యాడ్జి సంపాదించిన ప్రతి పదాతి సైనికుడికి బ్రాంజ్ స్టార్ కూడా ఇవ్వాలని 1947లో నిర్ణయించారు. అంటే ఆ కోటిన్నరకు పైగా ఫైళ్లు కాలిపోవడానికి పాతికేళ్ల ముందే ఆ పతకం వాళ్ల హక్కు. కానీ అది దానంతటదే ఇంటికి రాలేదు, అడిగినవాళ్లకే ఇచ్చారు. అప్పటికే ఇళ్లకెళ్లి పొలాల్లో, ఫ్యాక్టరీల్లో పడిపోయినవాళ్లలో ఆ నిర్ణయం ఎంతమంది చెవిన పడి ఉంటుంది? తీరా కొడుకో కూతురో తెలుసుకుని అడిగే నాటికి, బ్యాడ్జి ఉందని చెప్పే ఫైలు లేదు.

ఇక అసలు విషయం. ఇదే అమెరికాలో, ఇదే సైనికుడి విషయంలో, ఇంకో శాఖ దీనికి పూర్తిగా ఎదురు నియమం పాటిస్తోంది. మాజీ సైనికుల వ్యవహారాల శాఖ దగ్గరికి అంగవైకల్య పరిహారం కోసం వెళ్తే, సాక్ష్యం రెండు వైపులా సమానంగా తూగినప్పుడు బెనిఫిట్ ఆఫ్ డౌట్ సైనికుడికే ఇవ్వాలని చట్టం చెబుతోంది. యుద్ధంలో పాల్గొన్నవాళ్ల విషయంలో ఇంకా ముందుకెళ్లింది. గాయం గురించి సర్కారు రికార్డు ఏదీ లేకపోయినా సరే, అతను చెప్పేది అప్పటి పోరాట పరిస్థితులకు సరిపోయేలా ఉంటే దాన్ని రుజువుగా తీసుకోవాలి, అది అబద్ధమని స్పష్టమైన సాక్ష్యం ఉంటే తప్ప తోసిపుచ్చకూడదు. ఈ నిబంధన ఎప్పటిదనుకున్నారు? 1941 డిసెంబరుది. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగిన నెలలోనే. గుండ్లు కురుస్తుంటే ఎవడూ కూర్చుని కాగితాలు నింపడని అప్పుడే ఒప్పుకున్నారు.

అదే గాయానికి పర్పుల్ హార్ట్ అడిగితే మాత్రం లెక్క మారిపోతుంది. శత్రువు చర్య వల్లే గాయమైందని, సైనిక వైద్య సిబ్బంది చికిత్స చేశారని, ఆ చికిత్స అధికారిక రికార్డులో ఎక్కిందని చూపించాలి. అంటే ఒకే కాలు, ఒకే మోర్టార్ ముక్క. డబ్బులిచ్చే శాఖ "నిజమే, నీకు యుద్ధంలోనే తగిలింది" అని నెలనెలా పరిహారం పంపుతూ ఉండొచ్చు, పతకం దగ్గరికి వచ్చేసరికి "గాయానికి రికార్డు లేదు" అన్న జవాబు రావొచ్చు. రెండూ ఒకే ప్రభుత్వం పేరు మీద వచ్చే ఉత్తరాలే. డబ్బు ఇవ్వడానికి సరిపోయిన నమ్మకం గౌరవం ఇవ్వడానికి ఎందుకు సరిపోదో ఎవరైనా నాకు చెప్పాలి.

హెన్రీ జాన్సన్ కథ చూస్తే దీని ఖరీదు తెలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918 మేలో ఫ్రాన్స్‌లో రాత్రి కాపలాలో ఉండగా జర్మన్ దళం మీద పడితే, తుపాకీ పనిచేయని దశలో దాన్నే కర్రలా తిప్పి, తర్వాత కత్తి దూసి, గాయపడ్డ తోటివాణ్ని ఎత్తుకుపోకుండా ఆపాడు. ఒంటి మీద 21 గాయాలు. ఫ్రాన్స్ తన క్రా ద గేర్ పతకం ఇచ్చింది. సొంత దేశం ఇచ్చిన డిశ్చార్జ్ రికార్డులో మాత్రం ఆ గాయాల ప్రస్తావన లేదు. నల్లజాతి రెజిమెంటు మనిషి, అడిగిన నాథుడు లేడు. గాయాలతో పని చేయలేక చితికిపోయి 1929లో చనిపోయాడు. పర్పుల్ హార్ట్ 1996లో, దేశపు అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ 2015లో వచ్చాయి. ఒంటి మీద గాయాలు కళ్లెదురుగా కనిపిస్తున్న మనిషిని వదిలేసి, గాయాల ఊసు లేని కాగితాన్ని నమ్మారు!

పారిస్ డేవిస్ కాస్త అదృష్టవంతుడు, బతికుండగా అందుకున్నాడు. 1965 జూన్‌లో వియత్నాంలో బాంగ్ సన్ దగ్గర జరిగిన పోరాటానికి పై అధికారి సిఫారసు పంపితే ఆ కాగితాలు గల్లంతయ్యాయి, మళ్లీ పంపితే మళ్లీ గల్లంతు. పాత సహచరులు ఏళ్లకేళ్లు వెంటపడబట్టి 2023 మార్చి 3న మెడల్ ఆఫ్ ఆనర్ మెడలో పడింది. వెంటపడే సహచరులు లేనివాళ్ల మాటేమిటి?

ఇలా సడలిస్తే దొంగ వీరులు పుట్టుకొస్తారని అటువైపు వాళ్ల వాదన. లేని పతకాలు ఉన్నాయని చెప్పుకుని లాభపడేవాళ్లు ఉన్నారు, నిజమే, అందుకే 2013లో దాన్ని నేరం చేస్తూ చట్టం తెచ్చారు. ఆ చట్టం ఉండనివ్వండి. నేను అడుగుతున్నది విచారణ మానేయమని కాదు. సైనికుడి ఫైలు కాలినా, ఆ కంపెనీ ఫలానా రోజున ఎక్కడుంది, ఎవరు ఆస్పత్రికి వెళ్లారు అని చెప్పే రోజువారీ రిపోర్టులు, జీతాల వోచర్లు వేరేచోట మిగిలున్నాయి, అతను చెప్పేది వాటితో సరిపోల్చండి. పైగా పతకాల పవిత్రత గురించి మాట్లాడే సైన్యం 1917లో 911 మెడల్ ఆఫ్ ఆనర్‌లను జాబితాలోంచి కొట్టేసింది. వాటిలో అంతర్యుద్ధపు డాక్టర్ మేరీ వాకర్‌ది ఒకటి, ఆమె తిరిగివ్వకుండా చచ్చిపోయేదాకా పెట్టుకునే తిరిగింది. 1977లో ఈ సవరణ బోర్డు ద్వారానే దాన్ని పునరుద్ధరించారు. చనిపోయి 58 ఏళ్లయిన మనిషి రికార్డు దిద్దగలిగిన బోర్డుకి, బతికున్న మనిషి మాట వినడం అంత కష్టం కాకూడదు.

నిజానికి ఈ జబ్బు సైన్యంతో ఆగేది కాదు. రికార్డు ఉంచుకునే అధికారం ఒకరిది, అది లేకపోతే శిక్ష ఇంకొకరిది అన్న పద్ధతి ఎక్కడుంటే అక్కడ ఇదే జరుగుతుంది. బ్రిటన్‌లో కరీబియన్ దీవుల నుంచి దశాబ్దాల కిందట వచ్చి స్థిరపడ్డ, విండ్‌రష్ తరమని పిలిచేవాళ్ల ల్యాండింగ్ కార్డులను 2010లో హోం శాఖే నాశనం చేసింది, తర్వాత వాళ్లనే "ఇక్కడ ఎప్పట్నుంచి ఉంటున్నారో కాగితాలు చూపించండి" అని నిలదీసింది. ఉద్యోగాలు పోయాయి, వైద్యం ఆగింది, కొందర్ని దేశం దాటించారు, 2018లో అది బయటపడి క్షమాపణలు చెప్పాల్సి వచ్చింది. విండ్‌రష్ బాధితులూ ఓవర్‌లాండ్ మంటల బాధితులూ ఒకే నియమం కింద నలిగారు. కాగితం తన అధీనంలో ఉన్నప్పుడు దాన్ని కాపాడే పని ప్రభుత్వానిదైతే, అది పోయినప్పుడు దాని నష్టం కూడా ప్రభుత్వమే మోయాలి. ప్రతి కార్యాలయంలో, ప్రతి పౌరుడి విషయంలో.

సైనికుల వరకైతే కొత్తగా కనిపెట్టాల్సింది కూడా లేదు. 1941లో పరిహారం కోసం రాసుకున్న ఆ నిబంధననే రికార్డుల సవరణ చట్టంలోకి కూడా తీసుకురావాలి. ఫైలు ప్రభుత్వం దగ్గరే నాశనమైందని తేలితే, అర్జీదారు చెప్పింది మిగిలిన రికార్డులతో పొసగుతుంటే, అబద్ధమని చూపించే బాధ్యత సైన్యానిది కావాలి. బ్రాంజ్ స్టార్ లాంటి హక్కుగా వచ్చే పతకాలకైతే అర్జీ కోసం ఎదురుచూడకుండా, మిగిలిన రోజువారీ రిపోర్టుల్లో పేర్లు వెతికి కుటుంబాలకు తామే ఉత్తరం రాయాలి. కొరియా యుద్ధం ఆగినప్పుడు ఇరవై ఏళ్లున్న కుర్రాడికి ఇప్పుడు తొంభై దాటాయి, అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఈ పని వచ్చే సమావేశాలకు వాయిదా వేసేంత తీరిక అతనికి లేదు.